కంకరబాటపై ఇరువురు వనితలు

ఆవకాయ చక్కగా కుదిరిన యేట ఇంటికి వచ్చినవారు "ఈ సంవత్సరము కాయ మంచిది" అందురు. చెడిన యేటనో, "పెట్టిన చేయి మంచిది కాదు" అందురు. మంచి కాయది, చెడుగు చేతిది! ఈ విచిత్రన్యాయము మన వంటయిండ్ల గడపలోపలనే యున్నదని మేము చాలకాలము తలచితిమి. కాని మోటారుబండ్ల పోటీలనుగూర్చి చదువుచుండగా ఫ్రాన్సు దేశపు వనిత యొకతె చరిత్రలో అదే న్యాయము మాకు మరల ఎదురైనది. ఆమె గెలిచినపుడు, బండి మంచిది గనుక గెలిచెనన్నవారు పెక్కండ్రు. ఆ మాటలో నిజమెంతయో సోదరీమణులతో కలిసి విచారింపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆమె పేరు మిషెల్ మూటన్. ఆమె ప్రక్కన కూర్చుండి త్రోవ చెప్పిన ఇటలీ దేశపు వనిత ఫాబ్రిజియా పోన్స్. 1982వ సంవత్సరమున ఈ యిరువురును ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ అను మహాపోటీలో మూడు దేశములందు విజయము నొంది, ప్రథమస్థానమునకు చేరువవఱకు వచ్చిరి.

పోటీ స్వరూపము

పందెమనగానే బండ్లన్నియు ఒక్క గీతవద్ద నిలిచి, ఒక్కసారిగా బయలుదేరి, గుండ్రని బాటలో తిరుగుట మనకు తోచును. ర్యాలీ అట్టిది కాదు. ఇందు బండ్లు ఒకదానివెనుక నొకటి, నిమిషమో రెండు నిమిషములో ఎడమిచ్చి బయలుదేరును. త్రోవ రెండు విధములు. మొదటిది అందఱును నడచు సాధారణమార్గము. ఇచట ఆ దేశపు చట్టములకు లోబడి నడపుచు, నిర్ణయించిన గడియకు నిర్ణయించిన స్థలమును చేరవలెను. ఆలస్యముగా చేరినను దండనయే, ముందుగా చేరినను దండనయే. రెండవది ప్రత్యేకఖండము. ఇతర వాహనములు రాకుండ మూసివేసిన అడవిదారియో, కొండదారియో యిట్లు ఏర్పఱతురు. ఇచట ఎవరి శక్తికొలది వారు పరువెత్తింపవచ్చును. ఇట్టి ఖండములలో పట్టిన కాలమునకు దండనకాలమును జేర్చి లెక్కింతురు. ఎవరి మొత్తము తక్కువయో వారే విజేతలు. శత్రువు ఎదుట కానరాడు. గడియారమే శత్రువు.

ఈ ప్రపంచపోటీ బండ్లను నిర్మించువారికి 1973వ సంవత్సరమునుండియు, నడపువారికి 1979వ సంవత్సరమునుండియు బిరుదు నొసగుచున్నది. ఏటేట కొన్ని దేశములలో ర్యాలీలు జరుగును. ఒకచోట మంచు, ఒకచోట తారురోడ్డు, పెక్కుచోట్ల కంకర. వానిలో కంకరబాట పరీక్షయే మేము చెప్పబోవు కథకు ముఖ్యము.

కంకర గుణము

నున్నని గచ్చుపై సెనగలు చిందియుండగా తొందరలో కాలుపెట్టి జాఱినవారికి కంకర గుణము మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. చక్రము క్రింది రాయి కదలును. రాయి కదలినచో చక్రము పట్టు తప్పును. అందుచేత కంకరబాటపై వేగముగ పోవు బండి ఎన్నడును తిన్నగ పోదు. మలుపు రాకమునుపే సారథి బండిని ప్రక్కకు వాల్చి, అది జాఱుచుండగనే ముందు చక్రములను ఎదురువైపునకు త్రిప్పి, జాఱుడునే త్రోవగా చేసికొని మలుపు దాటవలెను. చూచువారికి బండి అదుపు తప్పినట్లే తోచును. అదుపంతయు అందే యున్నది.

ఇంకొక చిక్కు గలదు. మొట్టమొదట పోవు బండి వదులురాళ్ళను చీపురువలె ఊడ్చి ప్రక్కకు త్రోయును. దాని వెనుక వచ్చువారికి గట్టినేల దొరకును. ఇట్లు ముందున్నవాడు వెనుకవానికి తెలియకయే ఊడిగము చేయవలసి వచ్చును. వెనుకవారికి మాత్రము సుఖమా? గాలి వీచనినాడు ముందు బండి లేపిన దుమ్ము చెట్లనడుమ తెరవలె నిలిచిపోవును. ఆ తెరలోనికి కన్ను కానక దూరవలెను. మొనదేలిన రాయి తగిలినచో టైరు పగులును, ఇరుసు వంగును. చక్రము మార్చుటకు దిగిన నిమిషములు మరల దొరకవు.

ప్రక్కనున్న మాట

మన పురాణములందు సారథి మాట కెంత బలమో మీరెఱిగినదే. శల్యుడు కర్ణుని రథముపై కూర్చుండి మాటలతోనే ఆతని గుండె దిగజార్చెను. కృష్ణుని మాట అర్జునుని నిలబెట్టెను. ర్యాలీలో బండి నడపువారొకరు, మాట చెప్పువారొకరు. ఈ రెండవవారిని సహసారథి యందుము.

పోటీకి ముందు ఇరువురును ఆ బాటలలో మెల్లగ తిరిగి, ప్రతి మలుపును పరీక్షించి, ఒక పుస్తకములో గుర్తులు వ్రాసికొందురు. మలుపు ఎడమకో కుడికో, ఎంత వంపో, దాని తరువాత ఎన్ని మీటర్లు తిన్నని బాటయో, మెరక యెక్కిన పిమ్మట దారి ఎటు తిరుగునో, అంతయు సంక్షిప్తాక్షరములలో నుండును. పోటీనాడు సహసారథి దానిని చదువును. బండి ఉన్నచోటి మలుపును చదివిన ప్రయోజనము లేదు. రాబోవు మలుపును చదువవలెను. తొందరపడి ముందుగ చెప్పినచో నడపువారు మఱతురు, ఆలస్యముగ చెప్పినచో బండి లోయలో నుండును. బండి ఎగిరిపడుచున్నను కన్ను పంక్తి తప్పరాదు, గొంతు వణకరాదు. మెరక కావల బాట కానరాదు. కానరాని బాటపైకి, ప్రక్కనున్న మాటనే నమ్మి, వేగము తగ్గింపక నడపువారు దూకుదురు.

రోటిలో పిండి దంచునపుడు ఒకరు రోకలి వేయుచుండగా వేఱొకరు చేతితో ఎగదోయుట మనమెఱుగుదుము. రోకలి లేచిన క్షణమున చేయి లోనికి పోవలెను, దిగుక్షణమునకు వెలుపల నుండవలెను. వేయుచేతికిని ఎగదోయుచేతికిని నడుమ నమ్మకము తప్పిన వ్రేళ్ళు నలుగును. కంకరబాటపై ఈ యిరువురి నడుమనున్నది అట్టి నమ్మకమే.

తండ్రి యిచ్చిన గడువు

మిషెల్ 1951వ సంవత్సరము జూన్ 23వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణమున జన్మించెను. అత్తరులకు ప్రసిద్ధిగన్న పట్టణమది. ఆమె తండ్రి పియేర్ మూటన్ గులాబీలు, మల్లెజాతి పూవులు పండించెడివాడు. పదునాలుగేండ్లకే ఆమె తండ్రిగారి చిన్న సిత్రోయెన్ బండిని నడపనేర్చెను. పిమ్మట న్యాయశాస్త్రము చదువుచుండెను. స్నేహితుడొకనికి సహసారథిగా కూర్చుండుటతో ర్యాలీల పరిచయము కలిగెను.

కూతురు ఇతరుల ప్రక్కన కూర్చుండుటకంటె తానే నడపుట మేలని తండ్రికి తోచెను. ఆయన ఆల్పీన్ అను బండిని కొనియిచ్చి, ఒక సంవత్సరము గడువు పెట్టెను. ఆ గడువులో ప్రజ్ఞ చూపవలెను, లేనిచో మానవలెను. కూతురి కోరికను త్రోసిపుచ్చక, గాలికి వదలక, ఒక సంవత్సరమును హద్దుగా గీసిన ఆ తండ్రి వివేకము మాకు మిక్కిలి నచ్చినది. వలదనుట సులభము, సరేయనుటయు సులభమే. "చేసి చూపుము" అని సాధనము చేతికిచ్చుట కష్టము.

ఆమె చేసి చూపెను. ఆల్పీన్‌తో ఆమె వేగమును చూచి, ఆ యంత్రములో ఏదో మోసమున్నదని కొందఱనుమానించిరి. బండిని విప్పి పరీక్షించిరి. దోషమేమియు కానరాలేదు. ఆవకాయ న్యాయము ఆమెకు మొదటిసారి తగిలినది అప్పుడే. 1975లో ల మాన్ పట్టణపు ఇరువదినాలుగు గంటల పందెములో మఱి యిరువురు వనితలతో కలిసి రెండు లీటర్ల తరగతిలో గెలిచెను.

నాలుగు చక్రముల బండి

1981లో జర్మనీ దేశపు ఆడి సంస్థ ఆమెను తన బండి నడపుటకు చేర్చుకొనెను. ఆ బండి పేరు క్వాట్రో. అంతకుముందు ర్యాలీబండ్లలో యంత్రబలము రెండు చక్రములకే చేరుచుండెను. కంకరలో ఆ రెండును ఊరక తిరిగి రాళ్ళు చిమ్ముచుండెడివి. క్వాట్రోలో నాలుగు చక్రములకును బలము చేరును. బురదలో దిగబడిన బండిని ఇద్దరు నెట్టుటకును నలుగురు నెట్టుటకును గల భేదమే యిది. కాని బండి బరువైనది. మలుపులో ముక్కు తిరుగక తిన్నగా పోజూచెడి స్వభావము గలది. దానిని లొంగదీయుట క్రొత్త విద్య.

ఆ యేడు అక్టోబరు మాసమున ఇటలీలో జరిగిన సాన్ రెమో ర్యాలీలో తారుబాటలు, కంకరబాటలు రెండును గలవు. మిషెల్, ఫాబ్రిజియా ముందంజలో నుండిరి. చివరిఘట్టమునకు ముందు ఫిన్లాండు దేశీయుడు ఆరి వాతనెన్ 34 సెకనుల దూరమునకు వచ్చెను. అతడు సామాన్యుడు కాడు. ఆ సంవత్సరపు బిరుదు చివరకు అతనికే దక్కినది. అట్టివాడు వెనుక తఱుముచుండ ఈ వనిత తడబడలేదు. తడబడి రాతిని కొట్టుకొన్నవాడు అతడే. ప్రపంచ ర్యాలీలో స్త్రీ గెలుచుట చరిత్రలో అదే మొదలు.

అక్రోపొలిస్

మఱుసటి యేడు 1982. మోంటే కార్లోలో ఆమె బండి ప్రమాదమునకు గుఱియైనది. పోర్చుగల్‌లో విజయము లభించినది. పిమ్మట వచ్చినది గ్రీసు దేశపు అక్రోపొలిస్ ర్యాలీ. కంకర ర్యాలీలలో అతికఠినమైన వానిలో ఇది యొకటి. ఏథెన్సులోని ప్రాచీనదేవాలయపు కొండ దిగువన ఆరంభమగు ఆచారముండుటచే దీనికా పేరు వచ్చినది. ఆ దేశపు కొండబాటలు కంకరబాటలనుటకంటె రాతిబాటలనుట యుక్తము. వేసవి మొగమున ఎండ మండుచుండును. దుమ్ము గొంతు పట్టును. బండి క్రిందిభాగమును రాళ్ళు సుత్తులవలె కొట్టును. వేగముగలవాడు ఇక్కడ గెలువడు. బండిని కాపాడుకొనుచు వేగముగ పోగలవాడు గెలుచును. ఎచట త్వరపడవలెనో, ఎచట మెత్తగ పోవలెనో యెఱుగుటయే ఇచట విద్య.

ఈ ర్యాలీలో మిషెల్, ఫాబ్రిజియా ప్రథమస్థానము నొందిరి. జర్మనీ దేశపు మహాసారథి వాల్టర్ రోర్ల్ ద్వితీయుడయ్యెను. పిమ్మట బ్రెజిల్‌లోను ఇట్లే జరిగెను: వనితలు ప్రథములు, రోర్ల్ ద్వితీయుడు. ఆ సంవత్సరాంతమునకు లెక్క చూడగా ఆమెకు మూడు విజయములు, రోర్ల్‌కు రెండు. కాని అతడు గెలువనిచోట సయితము పెక్కుమార్లు రెండవవాడుగనో మూడవవాడుగనో గమ్యము చేరెను. ఆమె గెలువనిచోట పలుమార్లు బండి విఱిగి మధ్యలో నిలిచిపోయెను. సంసారములో దినదినపు పొదుపునకెంత విలువయో ఇందు గమనింపదగును.

అడవిలో పొగమంచు

సంవత్సరాంతమునకు సమీపించి, అక్టోబరు చివర, ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ ర్యాలీ వచ్చెను. సుమారు 5,000 కిలోమీటర్ల త్రోవ; అడవులనడుమ ఎఱ్ఱమట్టి బాటలు. బిరుదు మిషెల్‌కో రోర్ల్‌కో తేలవలసిన సమయము. బయలుదేరుటకు కొంచెము ముందు ఆమెకు ఇంటినుండి వార్త వచ్చెను. గులాబీలు పండించి, బండి కొనియిచ్చి, సంవత్సరము గడువు పెట్టిన తండ్రి వ్యాధితో మరణించెను. కూతురు పోటీలో పాల్గొనవలెననుటయే ఆయన చివరికోరిక.

సోదరీమణులారా! ఇట్టిచోట మనమేమి చేయుదుమో ఎవరికివారు తలపోసికొనుడు. పరుగున పోవుటకు ఇల్లు సముద్రముల కావల నున్నది. తండ్రి మాట చెవిలో నున్నది. ఆమె బండి నెక్కెను. ప్రక్కన ఫాబ్రిజియా పుస్తకము తెఱచి చదువసాగెను. ఆ దినములలో ఆ గొంతు ఎంత ఆధారమైయుండునో మేము వ్రాయజాలము. మలుపు ఎడమకు, మలుపు కుడికి. దుఃఖమునకు తావులేకుండ మాట వెంట మాట.

వారు గంటకు మించిన ఆధిక్యమును సంపాదించిరి. పిమ్మట బలమును చక్రములకు చేర్చు గేర్ల అమరిక చెడెను. దానిని మార్చుటలో ఆర్జించిన కాలము కరగిపోయెను. తుదిఘట్టములో పొగమంచు క్రమ్మిన బాటలో బండి దారి తప్పి దెబ్బతినెను. పోటీ అక్కడితో ముగిసెను. రోర్ల్ గెలిచి, ఆ సంవత్సరపు బిరుదును పొందెను.

ఇంతటితో ఆమె ఇల్లు చేరి తలుపు వేసికొన్నను లోకము తప్పుపట్టియుండదు. కాని ఆ నవంబరులోనే ఇంగ్లండునకు పోయి, అచటి అడవులలో కంకరపై జరిగిన చివరి ర్యాలీలో రెండవస్థానము పొందెను. తుదిలెక్కలో రోర్ల్‌కు 109 అంకములు, మిషెల్‌కు 97.

బండియా, చేయియా?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. విజయము బండిదా, చేతిదా? మేము దీనికి ఉత్తరము వాదముతో గాక లెక్కతో చెప్పదలచితిమి. ఆ సంవత్సరము అదే క్వాట్రోను ఆమె యొక్కతెయే నడపలేదు. ఫిన్లాండు దేశపు హన్ను మిక్కొలా నడపెను. స్వీడను దేశపు స్టిగ్ బ్లోమ్‌క్విస్ట్ నడపెను. ఇరువురును ప్రసిద్ధులు, 1983లో మిక్కొలాయు, 1984లో బ్లోమ్‌క్విస్టును ప్రపంచబిరుదము నొందినవారే. 1982 పట్టికలో మిక్కొలా మూడవవాడు, బ్లోమ్‌క్విస్ట్ నాల్గవవాడు. రెండవస్థానము వనితది. కాయ ఒక్కటే, చేతులు మూడు. మిక్కిలి రుచిగ కుదిరినది ఎవరి చేతనో చెప్పనక్కఱలేదు. ఆ యేడు నిర్మాతల బిరుదము ఆడి సంస్థకు వచ్చినది. నాలుగు చక్రములకు బలము గల బండికి ఆ గౌరవము దక్కుట అదే మొదలు. బండి ఆమెను గెలిపించెనందురు గాని, ఆమె బండిని గెలిపించెననుటయు అంతే నిజము.

ఈ విద్యలో అపాయము లేదని మేము చెప్పబోము. 1986లో పోర్చుగల్‌లో బండి జనములోనికి దూసికొనిపోగా చూడవచ్చినవారు ముగ్గురు మరణించిరి. అదే యేడు మే 2వ తేదీన కోర్సికా ద్వీపమున హెన్రీ టోయివోనెన్ అను యువసారథియు, అతని సహసారథి సెర్జియో క్రెస్టోయు అసువులు బాసిరి. 1987 నుండి ఆ అతివేగపు బండ్ల తరగతినే నిషేధించిరి. మిషెల్ 1986లో జర్మనీ దేశపు ర్యాలీ బిరుదము గెలిచి, ఆ యేటనే ర్యాలీలనుండి విరమించెను. అంతకుముందు 1985లో అమెరికాలోని పైక్స్ శిఖరమునకు కంకరదారిన ఎక్కు పోటీలో ప్రథమస్థానము పొందియుండెను. 2010లో అంతర్జాతీయ మోటారు సమాఖ్య స్త్రీలకొఱకు ఏర్పఱచిన సంఘమునకు ఆమె అధ్యక్షురాలయ్యెను. తాను నడచిన బాటలో వెనుకవచ్చువారికై రాళ్ళు తొలగించుట ఇదియే గదా!

ఫాబ్రిజియా మాట చెప్పుట మానలేదు. 1997లో పియేరో లియాతి అను సారథి మోంటే కార్లోలో గెలిచినపుడు ప్రక్కనున్నది ఆమెయే. పిమ్మట 2022లో అదే ర్యాలీలో సెబాస్టియన్ లోబ్ గెలిచినపుడు సహసారథి ఇసబెల్ గాల్మిష్. ఆమె వృత్తి పాఠశాలలో గణితము బోధించుట. బడిపంతులుగారి యింట కాపురము చేయుచున్న మాకు ఈ వార్త చదివినపుడు కలిగిన సంతోషమును ప్రత్యేకముగ చెప్పనేల? ఐనను, సారథిగా ప్రపంచ ర్యాలీని గెలిచిన స్త్రీ మిషెల్ తప్ప మఱొకరు 2025వ సంవత్సరాంతమువఱకు లేరు. త్రోవ ఊడ్చియే యున్నది; నడచువారు రావలసియున్నది.

మనమందఱము కంకరబాటలపై బండ్లు పరువెత్తింపవలెనని మేము చెప్పుట లేదు. కాని మన యింట ఒక చిన్నది ఏ విద్యలోనో ఆసక్తి చూపినపుడు పియేర్ మూటన్‌ను తలచుకొందము: సాధనమిత్తము, గడువు పెట్టుదము, "చేసి చూపుము" అందము. చేసి చూపినపుడు మాత్రము "కాయ మంచిది" అని నోరు జాఱక, చేతిని మెచ్చుకొందము.